బ్లాక్ కింద పావుగంట



సింగపూర్‌లో వసంతం రాదని మనలో మనం అనుకుంటూ ఉంటాం. భూమధ్యరేఖకి ఇంత దగ్గర్లో ఉన్న ఊరికి రుతువులేమిటి, ఏడాది పొడుగునా ఒకటే ఉక్క, ఒకటే వాన అంటాం. కానీ మార్చి, ఏప్రిల్ నెలల్లో రోడ్డు పక్కన ట్రంపెట్ చెట్లని ఒకసారి చూడండి. కొన్నాళ్ళు వాన లేకుండా ఎండ కాసి, ఆ వెనకే ఒక మంచి వాన పడిందంటే చాలు. ఆకు కనబడకుండా గులాబి రంగు పువ్వులు విరగబూస్తాయి. ఇక కోకిల సంగతి సరేసరి. మన కవులు ఆ కూత కోసం ఏడాదంతా ఎదురుచూశారు. ఇక్కడి కోకిల తెల్లారకముందే మొదలుపెడుతుంది. నిద్ర పాడవుతోందని టౌన్ కౌన్సిల్‌కి ఫిర్యాదులు చేసేవాళ్ళు కూడా ఉన్నారు. ఉగాదికి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి?

ఈ రోజు మాట్లాడేది ఉగాది రోజుల గురించే. పంచాంగం గురించి మాత్రం కాదు. రాశిఫలాలు వేరే వాళ్ళు చెప్తారు. నేను చెప్పబోయేది పావుగంట గురించి. మీరు ఉంటున్న పేటలో, మీ బ్లాక్ కింద, మీ ఇరుగుపొరుగు ముందు పెట్టగలిగిన ఒక్క పావుగంట గురించి.

ముందు ఈ రోజుల్లో ఊరు ఎలా ఉంటుందో చూద్దాం. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. మర్నాడే హరి రాయ. 2025లో మార్చి 30న ఉగాది. మళ్ళీ మర్నాడే హరి రాయ. 2026లో మార్చి 19న ఉగాది, 21న హరి రాయ. మూడేళ్ళ పాటు మన పండగా, మలే సోదరుల రంజాన్ పండగా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. గేలాంగ్ సెరాయ్‌లో రంజాన్ బజారు, దీపాల తోరణాలు. ఏప్రిల్ మొదట్లో చైనీయులు చెంగ్ మెంగ్ అని పెద్దల సమాధుల దగ్గరికి వెళ్తారు. ఏప్రిల్ మధ్యలో తమిళుల పుత్తాండు, పంజాబీల వైశాఖి. ఎస్ప్లనేడ్‌లో భక్తి సంగీతాల ఉత్సవం కూడా ఏప్రిల్‌లోనే. 1949లో పుట్టిన సింగపూర్ ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వాళ్ళ సంగీత నృత్యోత్సవం కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే పెడుతూ వస్తున్నారు. జాతీయ కళల మండలి మార్చిలో ఒక విడత, నవంబరులో ఒక విడత పేటల్లోనే ఉచిత ప్రదర్శనలు ఏర్పాటు చేస్తూ వచ్చింది. టికెట్ లేదు, పిలుపు లేదు. లిఫ్టు దిగి వెళ్ళడమే.

మరి మనం? మనకీ లోటు లేదు. సింగపూర్ తెలుగు సమాజం 1975లో మొదలైంది. 2025తో 50 ఏళ్ళు నిండాయి. సెరంగూన్ రోడ్డులో పెరుమాళ్ గుడి ఉంది. ఉగాది వచ్చిందంటే పూజ, పంచాంగ శ్రవణం, పచ్చడి, పిల్లల పాటలు, ఆటలు. పట్టుచీరలు కట్టుకుని, ఎంఆర్‌టీ ఎక్కి, లిటిల్ ఇండియా దాటి, ఫారర్ పార్క్‌లో దిగి మనవాళ్ళందరినీ ఒక్కచోట చూస్తే కడుపు నిండుతుంది. అందులో తప్పు పట్టేదేమీ లేదు. అది ఉండాలి.

కానీ ఒక్క సంగతి గమనించారా? మన సభల్లో వేదిక మీద ఉన్నదీ మనమే, కింద కూర్చున్నదీ మనమే. ఆ కూర్చున్నవాళ్ళలో సగం మంది వేదిక మీది పిల్లల అమ్మానాన్నలు. తమ అమ్మాయి డాన్సు అయ్యేదాకా ఫోను పట్టుకుని ముందు వరసలో ఉంటారు. అది అవగానే భోజనాల వైపు నడుస్తారు. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి మాట, శాలువా, జ్ఞాపిక, మళ్ళీ ఇంకో మాట, ఇంకో శాలువా. చివరి అంశం పాపం ఖాళీ కుర్చీలకి వినిపిస్తుంది. నేను ఎగతాళి చేయడం లేదండీ. అందరం ఇలాంటి సభలు చూసినవాళ్ళమే, కొందరం పెట్టినవాళ్ళమే.

అదే సాయంత్రం మన బ్లాక్‌లో మన పక్కింటి చైనీస్ ఆంటీకి గానీ, ఎదురింటి మలే అంకుల్‌కి గానీ, ఈ రోజు వీళ్ళ కొత్త సంవత్సరం అన్న సంగతి కూడా తెలీదు. గుమ్మానికి మామిడాకులు చూసి దీపావళేమో అనుకుంటారు.

అందుకే నా మాట ఇది. ఏడాదిలో ఒక్కసారి, ఒక్క పావుగంట, మన పేట కోసం పెట్టండి. పెద్ద సభ మానమని చెప్పడం లేదు. దానితో పాటు ఈ పావుగంట. ఇంట్లో ఆవకాయ జాడీ ఉందనుకోండి, ఏ వేళకి ఏ చుట్టం వచ్చినా ఇల్లాలికి కంగారుండదు. అలా ప్రతి నాలుగైదు తెలుగు కుటుంబాల దగ్గర పావుగంట అంశం ఒకటి తయారుగా ఉండాలి. పేటలో ఎవరు ఏ కార్యక్రమం పెట్టి "మీవాళ్ళేమైనా చేస్తారా" అని అడిగినా, "చేస్తాం" అనగలగాలి.

పేటలోనే ఎందుకు అంటారా? మన శ్రోతలు అక్కడ ముందే ఉన్నారు కాబట్టి. సింగపూర్‌లో పదిమందిలో ఎనిమిదిమంది దాకా ప్రభుత్వం కట్టించిన హెచ్‌డీబీ ఇళ్ళలోనే ఉంటారు. పైగా 1989 నుంచి ఒక నియమం ఉంది. ఏ బ్లాక్‌లోనూ ఒకే జాతివాళ్ళు గుమిగూడకుండా, ప్రతి బ్లాక్‌కీ ఏ జాతివాళ్ళు ఎంతవరకు ఉండొచ్చో హద్దు పెట్టారు. ఇల్లు అమ్మేటప్పుడు ఈ హద్దు చాలామందికి తలనొప్పి తెస్తుంది, అది వేరే కథ. కానీ దానివల్ల లిఫ్టు ఎక్కితే చాలు, మలే కుటుంబం, చైనీస్ కుటుంబం, తమిళ కుటుంబం, మనం, అందరం ఒకే చోట ఉంటాం. అందరినీ కలిపి ఒక హాల్లో కూర్చోబెట్టాలంటే ఎంత ఖర్చు! ఇక్కడ ఖర్చు లేదు. వాళ్ళు కూరగాయల సంచీతో ఆ దారినే వెళ్తుంటారు.

ఆ దారే వాయిడ్ డెక్. బ్లాక్ కింది అంతస్తులో స్తంభాల మధ్య వదిలేసిన చోటు. 1970ల నుంచి ఇక్కడి బ్లాకులకి అది అలవాటు. మలే పెళ్ళిళ్ళు అక్కడే. చైనీయుల చావులకి మూడు రోజులు, అయిదు రోజులు దీపాలు పెట్టుకుని కూర్చునేది అక్కడే. ముసలివాళ్ళు చదరంగం ఆడేదీ అక్కడే. ఒకవైపు పెళ్ళి డప్పు, రెండు బ్లాకుల అవతల చావు మంత్రం. సర్దుకుపోవడం అంటే ఏమిటో అక్కడ చూడాలి.

పొరుగువాళ్ళ కోసం ప్రదర్శన పెట్టడం ఈ ఊరికి కొత్త సంగతేమీ కాదు. 1959 ఆగస్టులో, స్వపరిపాలన వచ్చిన కొద్ది వారాలకే, బొటానిక్ గార్డెన్స్‌లో ‘అనేక రాగం రాయత్’ అని ప్రజల కోసం కచేరీలు మొదలుపెట్టారు. అప్పటి సాంస్కృతిక మంత్రి ఎస్. రాజారత్నం. ఒకే వేదిక మీద మలే ఆట, చైనీస్ పాట, భారతీయ నృత్యం. ఎవరి అంశం కోసం వచ్చినవాళ్ళయినా మిగిలినవాళ్ళవి కూడా చూసి తీరాలి. ఆ మరుసటి ఏడాది, 1960లో, పీపుల్స్ అసోసియేషన్ పెట్టారు. మనం ఈ రోజు సీసీ అని పిలుచుకునే కమ్యూనిటీ క్లబ్బులన్నీ దాని కిందివే.

ఆ కచేరీలకి ఒక ఏడాది ముందు, 1958లో, కేరళ నుంచి కొత్తగా వచ్చిన శాంతా భాస్కర్ ఒక చైనా ప్రేమకథని భరతనాట్యంలో పెట్టారు. సీతాకోకచిలుకలుగా మారిపోయే ప్రేమికుల కథ అది. చైనీస్ ఇళ్ళలో పిల్లలకి కూడా తెలిసిన కథ. చూసేవాళ్ళకి ముద్రలు కొత్తే, కథ మాత్రం సొంతం. ఆ ఉపాయం చూడండి. మనది మనం వదులుకోలేదు, ఎదుటివాళ్ళని బయటా నిలబెట్టలేదు. తర్వాత ఆవిడకి 1990లో కల్చరల్ మెడాలియన్ ఇచ్చారు. 2022లో కన్నుమూశారు.

సరే, మన పావుగంటలో ఏం పెట్టాలి? భాష రాకపోయినా కంటికి అందేది పెట్టండి. కూచిపూడి తరంగం అందుకు చక్కగా సరిపోతుంది. అమ్మాయి ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి, పళ్ళెంతో పాటే ముందుకీ వెనక్కీ కదులుతూ తాళం వేస్తుంటే, కూరగాయల సంచీ పట్టుకున్న ఆంటీ ఆగి తీరుతుంది. అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. పళ్ళెం సిమెంటు నేల మీద ఒకలా నడుస్తుంది, నున్నటి పలకల మీద ఇంకోలా జారుతుంది. ముందురోజు సాయంత్రం పళ్ళెం తీసుకెళ్ళి అదే చోట నాలుగడుగులు వేయించండి. స్తంభం ఎంత దూరంలో ఉందో కూడా కొలుచుకోండి.

కోలాటం ఇంకా తేలిక. రెండు కర్రలు, ఒక తాళం. పదినిమిషాలు మీరు ఆడండి. మిగిలిన అయిదు నిమిషాలు కర్రలు చూస్తున్నవాళ్ళ చేతికివ్వండి. మొదట ఎవరూ ముందుకు రారు. ఎనిమిదేళ్ళ పిల్లవాడొకడు వస్తాడు. వాడి వెనక వాడి అమ్మమ్మ వస్తుంది. ఆ తర్వాత కర్రలు చాలవు.

నన్నడిగితే బుర్రకథ కూడా పెట్టొచ్చు అంటాను. మాటలు ఎక్కువ కదా, ఎవరికి అర్థమవుతుంది అని మీకు అనిపించొచ్చు. మలేవాళ్ళ దికిర్ బరాత్ మీరు చూశారా? ఒక పాటగాడు అప్పటికప్పుడు పదాలు కట్టి పాడతాడు. వెనక ఒక గుంపు నేల మీద కూర్చుని చప్పట్లు కొడుతూ, ఊగుతూ, అతని మాట అందుకుంటుంది. ఊళ్ళో సంగతులు, చమత్కారాలు, చురకలు అన్నీ అందులో దొర్లుతాయి. మరి మన బుర్రకథలో? తంబురా పట్టుకున్న కథకుడు ముందు, గుమ్మెటలు వాయించే వంతలు ఇద్దరు పక్కన. ఒకాయన రాజకీయం మాట్లాడతాడు, ఇంకొకాయన నవ్విస్తాడు. కథకుడి మాటకి ఇద్దరూ తానతందాన అందుకుంటారు. ఎదురింటి మలే అంకుల్‌కి ఆ తీరు రెండు నిమిషాల్లో పట్టుబడుతుంది. ఆయన కూడా వంత అందుకుంటే ఆశ్చర్యపోకండి. ఒక చిన్న సంగతి. స్తంభాల మధ్య మైకు మాట ప్రతిధ్వనిస్తుంది, ముద్దముద్దగా వినిపిస్తుంది. మైకు తగ్గించండి, జనాన్ని దగ్గరికి పిలవండి.

ఇప్పుడు చాలా ముఖ్యమైన మాట చెప్తున్నాను. పావుగంటకి ముందు రెండు వాక్యాలు. రెండే. వాటిని ఇంగ్లీషులో చెప్పండి. వీలైతే మలేలోనో మాండరిన్‌లోనో పక్కింటివాళ్ళ చేత చెప్పించండి. మొదటి వాక్యంలో మేం ఎవరం, ఈ రోజు ఏమిటి. రెండో వాక్యంలో మీరు ఇప్పుడు దేన్ని గమనించాలి. అంతే. "మేం తెలుగువాళ్ళం, ఇది మా కొత్త సంవత్సరం. ఈ అమ్మాయి కాళ్ళనీ, పళ్ళెం అంచునీ చూడండి." చాలు. కూచిపూడి చరిత్ర మొత్తం చెప్పబోకండి. సిద్ధేంద్ర యోగి దగ్గర మొదలుపెడితే వినేవాళ్ళు లిఫ్టు దగ్గర తేలతారు.

ఆ రెండు వాక్యాలు పిల్లల చేతే చెప్పించండి. దీనికి కారణముంది. ఇక్కడి బడుల్లో తమిళం ఉంది. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ తీసుకునే వీలుంది. తెలుగు లేదు. మన పిల్లలు హిందీయో తమిళమో చదువుకుంటారు. తెలుగు ఇంట్లో వింటారు, జవాబు ఇంగ్లీషులో చెప్తారు. ఉగాది అంటే ఏమిటమ్మా అని తాతయ్య అడిగితే నవ్వి ఊరుకునే పిల్ల, తన బడిలో తోటి మలే అమ్మాయి అడిగినప్పుడు చెప్పి తీరాలి. చెప్పాలంటే ముందు ఇంట్లో అడగాలి. ఆ అడగడం కోసమైనా ఈ పావుగంట పెట్టండి.

ఆట, పాట రానివాళ్ళు ఏం చేయాలి? పచ్చడి ఉంది కదా. ఒక బల్ల వేసి, ఆరు గిన్నెల్లో ఆరూ విడివిడిగా పెట్టండి. బెల్లం, చింతపండు, మామిడి, ఉప్పు, మిరియాలో కారమో, వేపపువ్వు. కలిపిన పచ్చడి పక్కన ఉంచండి. వచ్చినవాళ్ళు ముందు విడిగా చూస్తారు, వాసన చూస్తారు, తర్వాత కలిపింది నాలిక మీద పెట్టుకుంటారు. చైనీస్ ఇళ్ళలో కాకరకాయ బాగా తింటారు కాబట్టి చేదు అంటే భయపడరు. మలేవాళ్ళకి చింతపండూ బెల్లమూ వంటింటి సరుకులే. అన్నీ శాకాహారమే, కానీ అడగకముందే ఆ మాట చెప్పండి, వాళ్ళకి మొహమాటం తప్పుతుంది.

ఇక్కడే ఒక మర్యాద గుర్తుంచుకోవాలి. ఉగాది రంజాన్ నెలలో పడితే ఎదురింటివాళ్ళు ఉపవాసంలో ఉంటారు. పగటిపూట గిన్నె పట్టుకెళ్ళి తినండి తినండి అని బలవంతం చేయకండి. మూతున్న చిన్న డబ్బాలో పోసివ్వండి. సాయంత్రం 7 దాటాక, పొద్దు గూకినాక, వాళ్ళు ఉపవాసం విడిచేటప్పుడు తింటారు. రెండు రోజుల తర్వాత ఆ డబ్బా ఖాళీగా తిరిగి రాదు. హరి రాయ మిఠాయి అందులో ఉంటుంది.

వేపపువ్వు గురించి ఒక మాట. రోడ్డు పక్కన, పార్కులో వేపచెట్టు పూత మీద కనబడితే మన చెయ్యి ఊరుకోదు. ఇక్కడ అలా కోస్తే జరిమానా పడుతుంది. టెక్కా చుట్టుపక్కల దుకాణాల్లో ఎండు వేపపువ్వు దొరుకుతుంది. అదే కొనుక్కోండి.

మరి అనుమతులు? ఈ మాట రాగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. మీరు సొంతంగా సభ పెట్టకండి. వాయిడ్ డెక్ వాడుకోవాలంటే టౌన్ కౌన్సిల్‌ని అడగాలి, బహిరంగ ప్రదర్శన అంటే లైసెన్సుల సంగతి చూడాలి. ఆ బరువంతా మీరెందుకు మోయాలి? ఇప్పటికే జరుగుతున్న కార్యక్రమంలో పావుగంట అడగండి. నివాసుల సంఘం వాళ్ళ పార్టీ ఉంటుంది, సీసీలో పండగ కార్యక్రమం ఉంటుంది. చాలా సీసీల్లో భారతీయ కార్యక్రమాల కోసమే ఒక కమిటీ ఉంటుంది, ఐఏఈసీ అంటారు. వాళ్ళు ఎక్కువగా పొంగల్, దీపావళి చేస్తుంటారు. ఉగాది ఎందుకు చేయరు అని మనలో మనం గొణుక్కుంటే లాభం లేదు. ఎవరూ వెళ్ళి అడగకపోతే వాళ్ళకి మాత్రం ఎలా తెలుస్తుంది? వెళ్ళి, మా దగ్గర పావుగంట అంశం తయారుగా ఉంది అని చెప్పండి. కార్యక్రమం పెట్టండి అని అడిగేవాళ్ళు వాళ్ళకి చాలామంది తగులుతారు. తయారుగా ఉంది అనే మనిషి అరుదు.

తాంపనీస్‌లో ఉన్నవాళ్ళయితే అవర్ తాంపనీస్ హబ్ చూసే ఉంటారు. 2017లో తెరిచారు. కట్టేముందు 15,000 మందికి పైగా స్థానికుల అభిప్రాయం అడిగారు. గ్రంథాలయం, ఈతకొలను, థియేటరు, హాకర్ సెంటరు, అన్నీ ఒకే కప్పు కింద. గేలాంగ్ వైపు వాళ్ళకి 2018లో వచ్చిన విస్మా గేలాంగ్ సెరాయ్ ఉంది. ఇలాంటి చోట్ల మన పేరు కనబడాలంటే ముందు మన బ్లాక్ కింద కనబడాలి.

ఇంకో రెండు సంగతులు, తొందరగా చెప్పేస్తాను. పావుగంట అంటే పావుగంటే. ఇరవై నిమిషాలు కాదు. మన తర్వాత చైనీస్ వృద్ధుల బృందం హార్మోనికా వాయించాలని గంట నుంచి కూర్చుని ఉంటుంది. రెండోది, రాత్రి బాగా పొద్దుపోయాక ఈ ఊళ్ళో చప్పుడు చేయకూడదు. మన సభల అలవాటు బ్లాక్ కింద పనికిరాదు.

వాళ్ళని మన దగ్గరికి పిలిచే ముందు మనం వాళ్ళ దగ్గరికి వెళ్ళామా అన్నది కూడా చూసుకోవాలి. ఎదురు బ్లాక్‌లో మలే పెళ్ళి కొంపాంగ్ డప్పు మోగితే కిటికీ మూసుకుంటున్నామా, కిందికి దిగి చూస్తున్నామా? చైనీయుల ఏడో నెలలో గెతాయ్ వేదిక మీద పాటలు పెడితే గోల అంటున్నామా, కాసేపు నిలబడుతున్నామా? ముందు వరస కుర్చీలు వదిలేయండి, అవి ఆ నెలలో వచ్చే ఆత్మల కోసం ఉంచుతారు. వెనక నిలబడి రెండు పాటలు వినండి. మన పావుగంటకి వాళ్ళు రావాలంటే అంతకన్నా మంచి పిలుపు లేదు.

తీరిక లేదు అంటారా? పిల్లల ట్యూషన్లు, ఆఫీసు ఫోన్లు, శనివారం స్విమ్మింగ్, ఆదివారం సంగీతం. నిజమే. కానీ ఈ సంగీతం క్లాసులో నేర్చుకున్న ఒక్క కీర్తన చాలు. కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు. మీ దగ్గర ఉన్నదాన్నే పావుగంటకి కుదించండి, రెండు వాక్యాలు జతచేయండి, నలుగురు పిల్లలతో నాలుగుసార్లు చేయించండి.

కాబట్టి శ్రోతలూ, ఈ వారంలో ఒక పని చేయండి. ఆఫీసు నుంచి వస్తూ మీ పేట సీసీలో ఆగండి. నోటీసు బోర్డు చూడండి. ఐఏఈసీ వాళ్ళు ఎప్పుడు కలుస్తారో కౌంటర్‌లో అడగండి. మీ పేరు, ఫోను నంబరు, మీ పావుగంట అంశం ఏమిటో ఒక కాగితం మీద రాసి ఇచ్చి రండి. ఉగాదికి రెండు నెలల ముందే ఇవ్వండి, ఆ తర్వాత ఇస్తే చోటుండదు.